నూరు పశువులకు పన్నెండు హెక్టార్లు

బీదర్ జిల్లాధికారి గారికి,

ఈ ఉత్తరం తెలుగులో ఉంది. మీ కచేరీ భాష కన్నడం. బజారులో ఉర్దూ, ఊళ్లలో మరాఠీ కూడా వినిపిస్తాయి. ఇన్ని భాషలు కలిసి బతికే జిల్లాలో తెలుగు ఉత్తరం ఒకటి వస్తే ఎవరూ వింతగా చూడరని ఒక ధైర్యం. ఇంకో ధైర్యం కూడా ఉంది. నేను జహీరాబాద్ వైపు మనిషిని. 1956 నవంబరు 1న రాష్ట్రాలు విడదీసేదాకా జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లాలోనే ఉండేవి. న్యాల్‌కల్ అయితే సాక్షాత్తూ బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. ఆ లెక్కన మా తాతలు మీ కచేరీ మెట్లెక్కినవాళ్లే. రాష్ట్రాల గీత మధ్యలో పడ్డది గానీ చుట్టరికాలు దాన్ని లెక్కచేయలేదు. మా మేనత్తను ఇచ్చింది మీ జిల్లాలోని చిమ్కోడ్‌కు.

చిమ్కోడ్‌లో ఎవరో ఏదో ఆక్రమించారని ఫిర్యాదు చేయడానికి రాస్తున్నది కాదిది. జేసీబీ రాకముందు రాస్తున్న ఉత్తరం. వచ్చాక రాసే ఉత్తరాలు మా వైపు చాలా చూశాం, వాటి సంగతి తర్వాత చెబుతాను.

చిన్నప్పుడు దసరా సెలవులకు చిమ్కోడ్ పోయేవాళ్లం. వానలు వెనకబట్టే రోజులు. గడ్డి మోకాలెత్తు లేచి, తెల్లారుజామున మంచుకు తడిసి ఉండేది. మా అత్త పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు గుడ్డలో మూటగట్టి ఇచ్చి, ఆవుల వెంట మేత బీడుకు, గైరాన్‌కు పొమ్మనేది. గైరాన్ ఎవలదని ఒకసారి అడిగాను. “ఊరిది” అన్నది. ఊరిదంటే ఎవలదని మళ్లీ అడిగితే, “ఊరిదంటే ఊరిదే, ఎవలదంటవేందిరా” అని కసిరింది. ఆ కసురులో ఉన్న ధీమా ఇవాళ ఏ పహాణీ తిరగేసినా దొరకదు.

మా ఊళ్లో అలాంటి నేలను బంచరాయి అంటాం. హైదరాబాద్ దిక్కున కంచ. బెంగళూరు దిక్కున గోమాళ. మీ జిల్లా జనం నోట గైరాన్, గాయరాణ. అన్నీ పశువు చుట్టూ పుట్టిన మాటలే. పోరంబోకు ఒక్కటే వేరు, అది శిస్తు రాని నేలకు సర్కారు పెట్టుకున్న పేరు. శిస్తు రాకపోవడం తప్ప ఆ నేల చేసే పని ఏదీ ఆ పేరులో కనిపించదు.

ఇప్పుడు మీ చేతిలోని తాళంచెవి గురించి. 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టంలో 71వ సెక్షన్ మీకు నాకన్నా బాగా తెలుసు. ఊరి పశువులు పైసా కట్టకుండా మేయడానికి సర్కారు నేలను పక్కన పెట్టవచ్చని అది చెబుతుంది. అలా పెట్టిన నేలను ఇంకో పనికి వాడాలంటే డిప్యూటీ కమిషనర్, అంటే మీరే, ఒప్పుకోవాలని కూడా అదే చెబుతుంది. మంత్రికో పంచాయతీకో రాయకుండా మీకే రాయడానికి కారణం అదే. 1966 నాటి నియమాల్లో 97వది ఎంత నేల పెట్టాలో లెక్క కట్టింది: ప్రతి నూరు పశువులకు పన్నెండు హెక్టార్లు. మన వాడుకలో దాదాపు ముప్పై ఎకరాలు.

మొదటిసారి ఈ నియమం గురించి తెలిసినప్పుడు మురిసిపోయాను. ఆవుకు ఇంత నేల అని చట్టమే రాసిపెట్టడం ఎంత మంచి మాట అనుకున్నాను. ఆ లెక్క తిరగబడితే ఏమవుతుందో తర్వాత అర్థమైంది. ఊళ్లో నాలుగువందల పశువులుంటే నూట ఇరవై ఎకరాలు కావాలి. అందులో కొంత ఏదో కట్టడానికి పోయింది, కొంత పక్క పొలాలవాళ్లు ఏటా రెండు సాళ్లు జరిపి కలుపుకున్నారు. మేత చాలక, ఎండుగడ్డి కొనలేక రైతు ఆవును అంగడికి తోలాడు. దుక్కికి ట్రాక్టరు వచ్చింది, ఎద్దూ పోయింది. పశుగణన వచ్చేసరికి రెండువందలే తేలాయి. రెండువందలకు అరవై ఎకరాలు చాలు కదా, మిగతాది మిగులు. మిగులు భూమి అని కాగితం మీద ఎక్కినాక దానికి గిరాకీ వెతకనక్కర్లేదు. అదీ పోయాక, ఉన్న రెండువందలు నూరవుతాయి. బడిలో పిల్లలు తగ్గారని బడి మూసి, బడి మూతపడ్డది కనుక పిల్లలు రావడం లేదని రిజిస్టరులో రాసుకున్నట్టుంటుంది ఇది.

ఇందులో ఎవరూ తప్పుడు కాగితం రాయలేదు, లంచం తినలేదు. తలాఠీ ఉన్నదే రాశాడు. తహసీల్దారు నియమం చూసే సంతకం పెట్టాడు. గైరాన్ దొంగతనంగా పోతుందని జనం అనుకుంటారు. నా అనుభవంలో అది చాలాసార్లు సక్రమంగానే పోతుంది.

బీదర్, లాతూరు నేలల్లో పుట్టిన దేవణి జాతి పశువు ఈ లెక్కకు మొదట బలయ్యేది. పాలకు పాలు, దుక్కికి దుక్కి రెండూ ఇచ్చే జాతి అది. ఎండను ఓర్చుకుంటుంది, బీడు గడ్డితో కడుపు నింపుకుంటుంది. దాన్ని కొట్టంలో కట్టేసి దాణా పెట్టి సాకమంటే దానికీ బాగోదు, రైతుకూ గిట్టదు. దేవణిని కాపాడాలని పథకాలు వేసేవాళ్లున్నారు, సంతోషం. అది మేసే నేల మిగుల్చుకోకుండా జాతిని మిగుల్చుకోవడం ఎట్లాగో నాకు తెలియదు.

ఆ లెక్కలో పడనివి ఇంకా ఉన్నాయి. నల్ల గొర్రెల మందలు తోలుకొని ఊరూరా తిరిగే కురుమలు ఒకచోట నిలవరు కనుక ఏ ఒక్క ఊరి లెక్కలోనూ నిండుగా కనిపించరు. మీ వైపు కురుబలంటారు, ఒకే జనం. ఆ గొర్రెల బొచ్చుతోనే మా గొంగళ్లు, మీ కంబళ్లు. మంద పగలు గైరాన్‌లో మేసి, రాత్రి ఎవరి పొలంలో పడుకుంటే ఆ పొలానికి ఎరువు. రైతు కురుమకు జొన్నలో డబ్బులో ఇచ్చి పిలిపించుకుంటాడు. అంటే గైరాన్ గడ్డి రాత్రికి రాత్రి నడిచి పొలంలో ఎరువవుతుంది. ఇంత పని జరుగుతున్న నేలను ఖాళీ స్థలం అని ఏ అధికారి రాసినా నాకు నవ్వొస్తుంది. కోపం తర్వాత వస్తుంది.

బీదర్ చుట్టుపక్కల బీళ్లలో కృష్ణజింకలున్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అది. మా వైపు పిల్లలు దాన్ని పాఠ్యపుస్తకం బొమ్మలో చూస్తారు, మీ వైపు పిల్లలు బస్సు కిటికీలోంచి చూడగలరు. దానికి గుబురు అడవి గిట్టదు. దూరం కనబడాలి, పరుగెత్తడానికి చోటుండాలి. పాలపిట్ట కూడా అంతే, విడిగా నిలబడ్డ తుమ్మ కొమ్మ మీదో కరెంటు తీగ మీదో కూర్చొని బయలు నేలలో పురుగును చూసి దూకుతుంది. మీ రాష్ట్రానికీ మా రాష్ట్రానికీ అదే రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని మా వైపు ఊరి పొలిమేరకు పోతాం. నేను చిన్నప్పుడు చూసిన పాలపిట్టల్లో ఎక్కువ చిమ్కోడ్‌లో చూసినవే. బతుకమ్మకు తంగేడూ గునుగూ తెచ్చుకునేది కూడా ఇలాంటి నేలల నుంచే. బజారులో పువ్వులు కొని బతుకమ్మ పేర్చే రోజులు వచ్చాయంటే బంచరాయి ఎంత పోయిందో ఊహించుకోండి.

నీళ్ల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, అది మీ జిల్లాకే సొంతమైన కథ.

బీదర్ పట్నం ఒక పీఠభూమి మీద కూర్చుంది. పైన జల్లెడలాంటి ఎర్రరాయి, లేటరైటు. కోటకు మూడు వరుసల కందకం తొలిచింది ఆ రాతిలోనే. దాని కింద నీటిని దిగనివ్వని మెత్తటి మట్టిపొర, ఆ కింద నల్లరాయి. పైన పడ్డ వాన ఎర్రరాతి బొక్కల్లోంచి దిగి, మట్టిపొర తగలగానే ఇక దిగే దారిలేక పక్కకు నడుస్తుంది. గట్టు అంచుల్లో ఊటై బయటపడుతుంది. నానక్ ఝీరా గురుద్వారాలో భక్తులు తీర్థంగా పట్టుకునేది ఆ ఊటే. పాపనాశం గుడి దగ్గరా అదే. ఝరణీ నరసింహస్వామి గుహలో మనుషులు ఛాతీ లోతు నీళ్లలో మూడువందల మీటర్లు నడిచిపోయి దర్శనం చేసుకుంటారు. ఆ భక్తుల్లో సగం మంది మా తెలుగువాళ్లే అనిపిస్తుంది, శనివారం నాడు ఆ వరసలో నిలబడితే. ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పే బోర్డు ఒకటి గుహ ముందు పెడితే బాగుండును. స్వామి మహిమ తగ్గేదేమీ ఉండదు.

ఈ రాతి గుణం కనిపెట్టే బహమనీ సుల్తానుల కాలంలో, 15వ శతాబ్దంలో, పర్షియా పద్ధతిలో భూమి కింద కరేజ్ తవ్వించారు. నౌబాద్ కరేజ్ అంటే నేల కింద సొరంగంలో పారే వాగు. పైనుంచి అక్కడక్కడ గాలిబావులు దిగుతాయి. వందల ఏళ్లు నీళ్లిచ్చిన ఆ దారి పట్నం పెరిగేకొద్దీ మట్టితో, చెత్తతో పూడిపోయింది. భూగోళశాస్త్ర పరిశోధకుడు గోవిందన్‌కుట్టి లాంటివాళ్లు పాత బావుల వరస పట్టుకొని దాన్ని మళ్లీ గుర్తించారు, జిల్లా యంత్రాంగం పూడిక తీయించింది. 2016 కరువులో మీ కుర్చీలో అనురాగ్ తివారీ గారున్నారు. చెరువులు, బావులు పూడిక తీయించిన జిల్లాధికారిగా ఆయన పేరు ఇప్పటికీ మీ ఊళ్లలో చెప్పుకుంటారు. 2017లో ఆయన పోయినప్పుడు సరిహద్దుకు ఇటువైపు కూడా బాధపడ్డవాళ్లున్నారు.

పూడిక తీస్తే బావి కనబడుతుంది. బావిలోకి నీళ్లు దిగాలంటే పైన వాన పడ్డ చోట నేల తెరిచి ఉండాలి. సిమెంటు పోసిన నేల, ప్లాట్లకు చదును చేసి రోలరు తొక్కించిన నేల వానను తాగదు. చిమ్కోడ్ గైరాన్ కింద ఏ రాయి ఉందో తేల్చడం భూగర్భశాఖ పని. గడ్డి వేళ్లు పట్టిన, కప్పేయని నేల ఎక్కడున్నా వాన దాంట్లోకి దిగుతుందన్నంత వరకు చెప్పడానికి భూగర్భశాఖ అక్కర్లేదు. మీ జిల్లా వాననీళ్లు చాలామట్టుకు మంజీరలోకి వస్తాయి. మంజీర మావైపు దిగి సింగూరు నింపుతుంది, సింగూరు నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకి పోతాయి. చిమ్కోడ్ గడ్డి సంగతి జహీరాబాద్‌వాడికెందుకని మీ గుమాస్తా ఎవరైనా అడిగితే ఈ ఒక్క మాట చెప్పండి.

గైరాన్‌కు శత్రువుల వల్లనే కాదు, మిత్రుల వల్ల కూడా ముప్పే. మొక్కలు నాటే ఉత్సాహం అలాంటిది. వానాకాలం మొదట్లో బడిపిల్లలు, అధికారులు, ఫోటోగ్రాఫరు కలిసి గడ్డినేలలో గుంతలు తీసి నాటేస్తారు. అందరి మనసూ మంచిదే. గడ్డినేలను చెట్లతో నింపితే అది అడవి కాదు, గడ్డినేల మాత్రం పోతుంది. ఇది వట్టి మాట కాదు, మీ రాష్ట్రంలో జరిగిందే. 1984లో ప్రభుత్వం ధార్వాడ, శివమొగ్గ లాంటి జిల్లాల్లో ఊళ్ల ఉమ్మడి నేలలు సుమారు 30 వేల హెక్టార్లు కర్ణాటక పల్ప్‌వుడ్స్ అనే సంస్థకు అప్పగించింది. అందులో సర్కారుకూ వాటా ఉంది, హరిహర పాలీఫైబర్స్ కంపెనీకీ ఉంది. కంపెనీకి కర్ర కావాలి, కర్రకు నీలగిరి పెంచాలి. పచ్చదనం పెంచుతున్నామన్న మాట కాగితాల నిండా ఉంది. పశువు నీలగిరి ఆకు ముట్టదు. ఆ చెట్టు కింద గడ్డి లేవదు. ఊళ్లవాళ్లకు తెలిసింది తమ నేల కంచెలోకి పోయాకే.

1987 నవంబరు 14న కుసనూరు అనే ఊరిలో జనం చేరారు. నీలగిరి మొక్కలు పీకారు, అక్కడే పండ్లచెట్లు, మేతచెట్లు నాటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కిత్తికో హచ్చికో. తెలుగులో చెబితే పీకు, నాటు. సమాజ పరివర్తన సముదాయ నాయకుడు ఎస్.ఆర్. హిరేమఠ్ ముందుండి నడిపారు. సుప్రీంకోర్టుకు పోయినవాళ్లలో శివరామ కారంత్ ఉన్నారు, అంతటి నవలాకారుడు ఊరి పశువుల గడ్డి కోసం పిటిషనుదారు అయ్యాడు. 1991లో ఆ సంస్థ మూతపడ్డది. నాకు ఆ సత్యాగ్రహంలో నచ్చేది పీకడం కాదు. పీకిన గుంతలో ఏం నాటాలో వాళ్లకు ముందే తెలిసి ఉండడం. కాకపోతే ఇంకోటి కూడా చూడండి: ఆ నేలలు ఊళ్లవని పత్రాల్లో గట్టిగా రాసి ఉంటే, ఊరిని ఒక్కసారి అడిగి ఉంటే, ఏడేళ్ల కొట్లాట అవసరమే వచ్చేది కాదు.

గోడ లేచాక తెలియడం అనేది గైరాన్లన్నిటి కథ. చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె దగ్గర మైసూరు రాజుల కాలం నుంచి అమృతమహల్ పశువులకు వదిలిన కావలు భూములున్నాయి. మా అనంతపురానికి ఆనుకొని ఉన్న తాలూకా అది. అక్కడ సుమారు పదివేల ఎకరాల గడ్డినేలను రక్షణ పరిశోధనకు, అణు పరిశోధనకు, విజ్ఞాన సంస్థలకు ఇచ్చారు. అన్నీ దేశానికి కావలసినవే, కాదనను. చుట్టూ గోడలు కట్టడం మొదలయ్యాక గానీ గొర్రెలకాపర్లకు తెలియలేదు. హరిత ట్రిబ్యునల్‌కు పోయారు, 2014లో తీర్పు కూడా వచ్చింది. అప్పటికి గోడలు ఉండనే ఉన్నాయి.

మా హైదరాబాద్ కథ మీరు టీవీల్లో చూసే ఉంటారు. కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25, 400 ఎకరాలు. 2003–04లో ఒక క్రీడల సంస్థకు ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, పక్కన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇరవై ఏళ్ల కోర్టు వ్యవహారం. ఆ మలుపులన్నీ ఇక్కడ వద్దు. 2025 మార్చి 30న, ఉగాది పండుగ నాడు జేసీబీలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ మధ్య రోజుల్లో దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. విద్యార్థులు దెబ్బలు తిన్నారు, కేసులు మీద వేయించుకున్నారు, రాత్రిపూట నెమళ్లు అరుస్తున్న వీడియోలు దేశమంతా తిరిగాయి.

పాత రెవెన్యూ పత్రాల్లో ఆ నేలకు రాసిన పేరు తెలుసా? ‘కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ’. నాలుగు మాటలు. వాదనలన్నీ నాలుగో మాట చుట్టూ, ఆ వరసలో లేని ‘అడవి’ అనే మాట చుట్టూ నడిచాయి. సర్కారుదా కాదా, అడవా కాదా. మొదటి మాట కంచ, అంటే మేతనేల. రెండోది అస్తబల్, గుర్రాల సాల. ఆ నేల ఎందుకుందో చెప్పే మాటలు ఆ రెండే. వాటిని ఎవరూ గట్టిగా పట్టుకున్నట్టు నాకు కనిపించలేదు. అడవి అయితే కాపాడాలి, కాకపోతే అమ్ముకోవచ్చు అన్నట్టు తయారైంది మన ఆలోచన. మధ్యలో ఉన్న కంచలకు, గైరాన్లకు, గోమాళాలకు కోర్టులో నిలబడే పేరు లేకుండా పోయింది. దేశం మొత్తానికి బంజరు భూముల పటాలు గీసేది మా బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. పొదలున్న బయలు నేల ఆ పటాల్లో బంజరు కిందికే పోతుంది. పైనుంచి చూస్తే ఆవు కనబడదు మరి.

గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం ఉంది, వేలమంది విద్యార్థులున్నారు, ప్రతి చేతిలో ఫోను ఉంది. చిమ్కోడ్‌లో ఉగాది నాడు జేసీబీ దిగితే ఢిల్లీకి ఎవరు చెబుతారు? మా మేనత్త కొడుకా?

ఇంత చెబుతున్నావు, మీ ఇల్లు చక్కబెట్టుకున్నావా అని మీరడగొచ్చు. లేదు. మా న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక ప్రాంతానికి 12,635 ఎకరాలు గీశారు. ఒకప్పుడు ఆ ఊళ్లలో కొన్ని మీ తాలూకావే. మంచి మాట ఒక్కటి చెప్పుకోవాలంటే, పస్తాపూర్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు చిరుధాన్యాలతో పాటు ఊళ్ల బీడు నేలలను కూడా తమవిగా చూసుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. దళిత ఆడవాళ్లు, చాలామందికి సెంటు భూమి కూడా లేని రోజుల్లో మొదలుపెట్టినవాళ్లు. ఉమ్మడి నేల విలువ తెలిసేది సొంత నేల లేనివాళ్లకే.

విలువ తెలిస్తే చాలదు, రాతలోనూ ఉండాలి. ఇంగ్లండులో 1965లో ఒక చట్టం చేశారు, ఊరుమ్మడి నేలలన్నీ రిజిస్టరులో ఎక్కించుకొమ్మని. 1970 జనవరితో గడువు ముగిసింది. రిజిస్టరుకెక్కని నేలలు ఎన్ని వందల ఏళ్ల నుంచి ఉమ్మడివైనా ఉమ్మడి హోదా పోగొట్టుకున్నాయి. ఎక్కినవి చాలామట్టుకు ఇప్పటికీ ఉన్నాయి. గోడ మీద నినాదం రాయడం కన్నా రిజిస్టరులో ఒక వరస రాయించుకోవడం మేలని నేననేది అందుకే.

మీ రాష్ట్రంలో ఆ పని సులువు కావాలి. భూమి పథకంతో పహాణీలు ఈ శతాబ్దం మొదట్లోనే కంప్యూటరుకెక్కించి దేశానికి దారి చూపింది మీరు. దిశాంక్ యాప్‌లో నిలబడ్డ చోటి సర్వే నంబరు కనబడుతుంది. సర్కారు భూములను కనిపెట్టుకోవడానికి ల్యాండ్ బీట్ యాప్ ఉంది. దాంట్లో తలాఠీ చూసేది ఊరికి కూడా చూపిస్తే ఏం పోతుంది? చిమ్కోడ్ గైరాన్ సర్వే నంబర్లు, ఒక్కోదాని విస్తీర్ణం ఎకరాలూ గుంటల్లో, అందులో ఇప్పటిదాకా ఏ పనికి ఎంత తీశారు, ఎంత మిగిలింది అన్నది కన్నడంలో పెద్ద అక్షరాలతో పంచాయతీ గోడ మీద రాయించండి. పెయింటు ఖర్చు తప్ప దానికి బడ్జెట్ అక్కర్లేదు. ఆ తర్వాత సర్వేయరును పంపి, ఊరివాళ్లను వెంట నడిపించి హద్దుబస్తు చేయించి రాళ్లు పాతించండి. ఆ రోజు కురుమలను, కూలీలను, ఆడవాళ్లను పిలవకుండా పెద్దమనుషులతోనే తిరిగితే మాత్రం రాళ్లు ఎక్కడ పాతుతారో నాకు ఇప్పుడే తెలుసు.

71వ సెక్షన్ కింద మీ సంతకానికి ఏ ఫైలు వచ్చినా గ్రామసభ ఏమన్నదో దాంట్లో ఉందా అని చూడండి. గ్రామసభ అంటే సంతకాలు పోగేసిన కాగితం కాదు, జనం కూర్చున్న సభ. పశువులు తగ్గాయి కనుక నేల మిగులు అని ఏ ఫైలైనా చెబితే, పశువులు ఎందుకు తగ్గాయని అదే ఫైలు మీద ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపండి. వచ్చిపోయే మందలను కూడా లెక్కించమనండి. గైరాన్‌లో మొక్కలు నాటే కార్యక్రమం వస్తే గట్టు పక్కకో బడి చుట్టూనో పంపించండి.

ఒక భయం కూడా చెప్పాలి. గైరాన్ కాపాడమని రాసిన ఉత్తరాలకు అధికారులు తొందరగా చేసే పని ఒకటుంటుంది: రెండెకరాలు దున్నుకుంటూ, బగర్ హుకుం కింద, అంటే అనుమతి లేని సాగుకు హక్కు అడుగుతూ, ఫారం 50, 53, 57 అని ఏళ్లతరబడి కచేరీ చుట్టూ తిరుగుతున్న పేదను మొదట లేపడం. ఇరవై ఎకరాలకు ముళ్లకంచె కొట్టినవాడు తాపీగా స్టే తెచ్చుకుంటాడు. నేను అడుగుతున్నది పేదను లేపమని కాదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పే భూమిలేని కూలీలకు, దళితులకు, గిరిజనులకు సర్కారు ఇచ్చిన పట్టాల విషయంలో మినహాయింపు చూపింది. మొదలుపెట్టాలనుకుంటే పెద్ద కంచెతో మొదలుపెట్టండి.

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె కొడుకు చిమ్కోడ్‌లోనే ఉన్నాడు. సర్వేయరు వచ్చే తేదీ చెబితే గొలుసు రెండో కొస పట్టుకోవడానికి వస్తానన్నాడు. అతనికి ఇప్పుడున్నవి రెండు ఆవులు. మీ 97వ నియమం ప్రకారం ఆ రెండింటికి ఇరవైనాలుగు గుంటల నేల వస్తుంది, లెక్క కట్టి చెప్పాను. ఆ ఇరవైనాలుగు గుంటలు ఎక్కడున్నాయో ఒకసారి చూడాలని అతని కోరిక.

ఇట్లు,
జహీరాబాద్ నుంచి
ఒక పాత బీదర్ జిల్లావాసి